ఖాళీ గూడు పంచనామా

ఏప్రిల్ 3

నాకు రెండు డైరీలు. ఒకటి సర్కారుది, హిందీలో రాయాలి. అందులో రోజూ ఒకటే మాట: బీటు తిరిగాను, అంతా బాగుంది. తిరగని రోజూ అదే, బాగాలేని రోజూ అదే. ఇది రెండోది. తెలుగులో రాస్తున్నాను కాబట్టి తాళం అక్కర్లేదు. మా రేంజరు రామ్‌ప్రసాద్ సాబ్ జగదల్‌పూర్ తెలుగాయనే, గలగలా మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం ఒక్కటి చదవలేరు. ఈ పేజీ ఆయన ముందు పరిచినా జిలేబీలు చుట్టానని అనుకుంటారు. కాబట్టి మొదటి మాట ఆయనకే: సాబ్, మీ మీసానికేసిన రంగు చెమటకి కారుతోంది, జీపు అద్దంలో చూసుకోండి.

నా మంటకి కారణం, ఈ రోజు నుంచి 'సఫాయి కటాయి' మొదలైంది. ఇది పై నుంచి దిగిన ప్లాను. అడవిలో ఎండిన చెట్లు, పుచ్చిన చెట్లు, పురుగు పట్టిన చెట్లు వెతికి ముద్ర కొట్టాలి. వానల్లోపు కోసి డిపోకి తోలాలి. లేకపోతే పురుగు పచ్చటి చెట్లకి పాకుతుందట. ముద్ర అంటే చెట్టు మొదట్లో బెరడు చెక్కి, సర్కారు సుత్తితో ఒక దెబ్బ వేసి, పక్కన నంబరు రాయడం. ఎండాకాలం, బైలడిల్లా గుట్టల కింద, ఎర్రదుమ్ములో. బీటు గార్డుకి తుపాకీ లేదు, జీపు లేదు. ఉన్న దర్జా అంతా ఆ సుత్తే.

కొంటాలో మా నాన్న కిరాణా కొట్లో ఫ్యాను కింద కూర్చుని బెల్లం తూచాల్సిన దాన్ని. కాదని పరీక్ష రాసి ఈ బచేలి వైపు వచ్చి పడ్డాను. ఈ జూన్‌తో ప్రొబేషన్ అయిపోతుంది. పక్కా ఉద్యోగం అని కాగితం చేతికొస్తే కొంటా రేంజికి బదిలీ అడగొచ్చు. అమ్మ పప్పుచారు, శబరి గాలి, సొంత మంచం. అప్పటిదాకా నోరు మూసుకుని సుత్తి కొట్టాలి.

ఏప్రిల్ 9

ఈ రోజు ఒక ఎండు సర్గి చెట్టుకి ముద్ర కొట్టాను. మా కొంటావాళ్ళు గుగ్గిలం చెట్టంటారు, కాగితం మీద సాల్. చచ్చి ఎన్నో ఏళ్ళయినట్టుంది. బెరడు సగం రాలిపోయింది. పైన వడ్రంగి పిట్ట తొలిచిన బొక్క ఒకటి.

దెబ్బ పడగానే బొక్కలోంచి ఒక తల బయటికొచ్చింది. నల్లగా నిగనిగలాడే ఒళ్ళు, నారింజ రంగు ముక్కు, చెవుల వెనక పసుప్పచ్చటి తోలు. పట్టుచీర కట్టుకుని పెళ్ళికెళ్ళిన మా పెద్దమ్మలా ఉంది. తిట్లు కూడా మా పెద్దమ్మవే. ఈల వేసింది, కీచుమంది, గొంతు మార్చి మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.

పహాడీ మైనా. మన రాష్ట్ర పక్షి. దీని బొమ్మ మా ఆఫీసు గోడ మీద ఉంది, జీపు తలుపు మీద ఉంది, సాబ్ టీ కప్పు మీద ఉంది. అసలుది ఇంత దగ్గర్నుంచి చూడటం నాకు ఇదే మొదలు.

నా వెంట ఉన్నామె పేరు లక్కే. అడవికి అగ్గి అంటుకోకుండా కాపలాకి పెట్టుకున్న మనిషి. కొంటా పక్క దోర్ల తెగ పిల్ల, ఈ వైపు పెళ్ళి చేసుకుని వచ్చింది. నా వయసే, నోరు నాకంటే పెద్దది.

"నీ పేరు అడుగుతోంది మేడం, పైకి ఫిర్యాదు జేసెతందుకు," అంది.

"పొయ్యి చెప్పుకోమను. నంబరు పడిపోయింది."

నిజంగానే పడిపోయింది. నంబరు పడ్డ చెట్టు సర్కారు లెక్కలో చెట్టు కాదు. నిలబడి ఉన్నా కట్టే.

ఏప్రిల్ 10

పిట్ట సంగతి నాకెందుకు? నా పని సుత్తి.

ఏప్రిల్ 12

వేరే పని ఉండి ఆ దారిన వెళ్ళాను. రెండు మైనాలు. ఒకటి లోపల, ఒకటి బయట, వంతులేసుకుంటున్నాయి. ఎంతసేపు చూశానో గుర్తు లేదు. ఆ 'వేరే పని' ఏమిటో కూడా గుర్తు లేదు.

సాయంత్రం ఆఫీసులో సాబ్‌కి చెప్పాను.

"సాబ్, నా బీట్లో మైనా గూడు ఉంది."

"బహుత్ అచ్ఛా! ఫొటో తీసినవా అమ్మా?"

"ఆ చెట్టుకి ముద్ర పడింది సాబ్."

"అయితే జల్దీ తియ్యి."

చెట్టుని వదిలేద్దామా అని అడిగాను. ఆయన టీ చప్పరిస్తూ, నంబర్ల మధ్యలో ఒకటి పోతే పై ఆఫీసు 'లకడీ ఎక్కడ అమ్ముకున్నవ్' అని అడుగుతుందనీ, మైనాల గురించి డిపార్టుమెంటుకి పూర్తి ఫికర్ ఉందనీ చెప్పారు. ఫికర్ ఏమిటో గోడౌన్‌కి తీసుకెళ్ళి చూపించారు. ఆకుపచ్చ రంగేసిన చెక్క డబ్బాలు. ఒక్కో దానికి గుండ్రటి రంధ్రం, దాని కింద తెల్ల రంగుతో 'మైనా ఆవాస్' అని హిందీ అక్షరాలు. ఎవరు చదవాలని రాయించారో.

చెక్క మా డిపోదే. అంటే బొక్కలున్న చెట్లు కోసి, ఆ చెక్కతో బొక్కలున్న డబ్బాలు చేసి, బొక్కలు లేని చెట్లకి కడుతున్నాం. ఈ తెలివికి ఎవరికైనా పతకం ఇచ్చి తీరాలి.

ఏప్రిల్ 18

సిగ్గుచేటు రోజు. ఎవరికీ చెప్పను, ఇక్కడ రాసి పారేస్తాను.

బచేలి బజారులో ఎర్రగుడ్డ, కుంకుమ, కొబ్బరికాయ కొన్నాను. పొద్దున్నే వెళ్ళి ఆ చెట్టుకి గుడ్డ చుట్టి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ మొదట్లో పెట్టి వచ్చేశాను. దేవుడున్న చెట్టు మీద కోత ముఠా చెయ్యి వెయ్యదు కదా అని నా తెలివి. మధ్యాహ్నం ముఠా వచ్చింది. మేస్త్రి బుధ్రాం చెట్టు చుట్టూ తిరిగి, గోండిలో ఏదో అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. లక్కే అయితే నేల మీద కూలబడింది.

"ఏందట?" అన్నాను.

"ఈ దేవునికి పూజారి ఎవరు, ఏ ఊరోడు, జాతర ఎప్పుడు అని అడుగుతుండు. మేడం, సచ్చిన చెట్టుల దేవుడు ఎట్లుంటడు? కూసుంటానికి నీడ గూడ లేకపాయె."

"ఏమో, కొత్త దేవుడేమో," అన్నాను.

"కొత్త దేవుడే. బచేలి దుకాణంల గుడ్డ మీద చీటీ గూడ తియ్యలే."

చూస్తే నిజమే, గుడ్డకి కొట్టు చీటీ వేలాడుతోంది. తర్వాత బుధ్రాం కొబ్బరికాయ పగలగొట్టి అందరికీ పంచాడు. నాకూ ఒక ముక్క ఇచ్చారు. తిన్నాను, ఏం చెయ్యను.

ఏప్రిల్ 24

అమ్మ ఫోను. నా మంచానికి కొత్త నవారు అల్లించిందట. నోరు జారి మైనా సంగతి చెప్పాను.

"పిట్ట కోసం ఆఫీసరుతోటి లొల్లి పెట్టుకుంటవా ఏందే? జూన్‌ల నౌకరీ పక్కా అయితదని మీ నాయన బజారంత చెప్పుకున్నడు. ఆ పిట్టకు దునియాల ఒక్క చెట్టేనా?"

"పిట్ట కోసం కాదమ్మా. ఊరికే చెప్పాను."

ఊరికే చెప్పాను. అంతే.

ఏప్రిల్ 28

బొక్కలోంచి సన్నటి చప్పుడు. పిల్లలు! లక్కే చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కానట, గాజు పగిలిందని గొడవ చేస్తోంది.

మే 2

బేరం కుదిరింది. నేను శ్రీరంగం కిరాణా వారి బిడ్డని, బేరం నాకు రాకపోతే ఎవరికి వస్తుంది?

మా నాన్నకి కొట్టు వెనక రెండు అద్దె గదులున్నాయి. ఎంత అవసరం వచ్చినా చదువుకునే పిల్లలున్నవాళ్ళని మధ్యలో పొమ్మనరు. పరీక్షలు అయ్యాక ఖాళీ చెయ్యండి అంటారు. అదే న్యాయం సాబ్ ముందు పెట్టాను. మైనా చెట్టుని అన్నిటికంటే చివర కొయ్యండి. పిల్లలు ఎగిరిపోయాక నేనే దగ్గరుండి కోయిస్తాను. మీకు ఫొటో, పిట్టకి పిల్లలు, డిపోకి కట్టె. ఎవరికీ నష్టం లేదు.

సాబ్ మీసం సవరించుకుని ఆలోచించారు. "ఠీక్ హై అమ్మా. కానీ గూడు ఖాళీ అయినట్టు పంచనామా కావాలె. సాక్షుల సంతకాలతోటి. రేపు ఎవడన్న పేపరోడు వచ్చి అడిగితే నా దగ్గర కాగితం ఉండాలె కదా."

పిట్ట గూటికి పంచనామా. రాస్తాను సాబ్, అంతకంటేనా!

మే 11

రెండు పిల్లలు. తలలు బయట పెడుతున్నాయి. బొచ్చు సరిగ్గా లేదు, నోరు తెరిస్తే మీటింగులో సాబ్ ఆవలించినట్టుంది. ముద్దేమీ రాలేదు. ఫొటోలు మాత్రం చాలా తీశాను.

మే 17

ఎగిరాయి!

మొదటిది పక్క కొమ్మ మీద పడి జారింది, మళ్ళీ పట్టుకుంది. రెండోది పొద్దెక్కేదాకా బొక్క అంచున కూర్చుని బెట్టు చేసింది. తల్లి పండు చూపించి దూరంగా పోయి కూర్చుంది, దగ్గరికి రాలేదు. ఆకలికి తట్టుకోలేక అదీ ఎగిరింది. నలుగురూ లోయ వైపు పోయారు. లక్కే, నేను అరుస్తూ గంతులేశాం. సర్కారు బూట్లేసుకుని గంతులెయ్యడం ఎంత కష్టమో ఈ రోజే తెలిసింది. చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను.

మే 19

పంచనామా రాశాను. హిందీలో నా చేతిరాత ఎప్పుడూ ఇంత బాగా లేదు. బుధ్రాం ముఠాలో ఒకతను పైకెక్కి బొక్కలో మోచేతి దాకా పెట్టి 'ఏం లేదు' అన్నాడు. లక్కే, బుధ్రాం సాక్షులు. "కిరాయి బాకీ లేదని గూడ రాయి మేడం," అంది లక్కే. గూడు ఖాళీ, పక్షులు తమంతట తాము వెళ్ళిపోయాయి, చెట్టు కోతకి అభ్యంతరం లేదు. కింద నా సంతకం.

సాబ్ చదివి "వాహ్!" అన్నారు. నా పర్మినెంటు ఫైలు బల్ల మీదే ఉంది, ఈ నెలాఖరుకి పంపిస్తానన్నారు.

మే 20

కోశారు. బొక్క దగ్గర చీలి పడింది. లోపల ఎండుటాకులు, ఈకలు, పండ్ల గింజలు. కొసకొమ్మలు లక్కే వంటచెరుకుకి పట్టుకుపోయింది. ఖాళీ ఇల్లే కదా. బాధేమీ లేదు.

మే 21

బీటు తిరిగాను, అంతా బాగుంది. సర్కారు డైరీలో నిజం రాసిన మొదటి రోజు.

మే 27

మైనాలు వచ్చాయి. ఆ జంటే.

లోయ వైపు నుంచి నేరుగా వచ్చాయి, మన ఇంటికి మనం వచ్చినట్టు. ఒకదాని ముక్కున పచ్చి ఆకు. ఆ బొక్క ఉండాల్సిన చోటికి వచ్చి, ఏమీ లేని గాలిలో రెక్కలు కొట్టుకుంది. అక్కడే, అంత ఎత్తులోనే. వాలడానికి ఏమీ లేక పక్క చెట్టు మీదికి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే చోట గాలిలో కొట్టుకుంది. ఆకు మాత్రం వదల్లేదు.

మే 28

మళ్ళీ వచ్చాయి. ఆకుతోనే.

మే 30

ఆఫీసులో పక్షుల పుస్తకం ఒకటి ఉంది, అట్ట కూడా నలగలేదు. తెరిచాను. ఒకే ఎండాకాలంలో రెండోసారి గుడ్లు పెడతాయట. కొన్నిసార్లు మూడోసారి కూడా. దొరికితే అదే బొక్కలో.

అవి ఖాళీ చెయ్యలేదు. పిల్లలకి ఎగరడం నేర్పించి రావడానికి బయటికెళ్ళాయి. నేను తాళం పగలగొట్టి, ఇల్లు కూల్చి, ఎవరూ లేరని సాక్షులతో సంతకాలు పెట్టించాను. అద్దె గదుల లెక్క పిట్టకి కట్టిన మొనగత్తెని నేనే. ఆ పుస్తకం బీరువాలో, నా కుర్చీ వెనకే ఉంది. నంబరు రాసిన రోజే తీసి చూడొచ్చు కదా. చూడలేదు.

లక్కేకి చెప్పాను.

"ఖాళీ అని నువ్వే రాస్తివి గద మేడం," అంది. తర్వాత ఏమనుకుందో, "నేను గూడ వేలిముద్ర ఏసిన," అని పక్కన కూర్చుంది. ఈసారి ఇద్దరం నవ్వలేదు.

జూన్ 5

పర్యావరణ దినం. పై ఆఫీసు నుంచి పెద్దసాబ్ వచ్చారు, టెంటు, దండలు, సమోసాలు. రోడ్డు పక్క టేకు చెట్టుకి కట్టిన 'మైనా ఆవాస్' డబ్బాకి రిబ్బను. పెద్దసాబ్ నిచ్చెన సగం దాకా ఎక్కి కత్తిరించారు. అప్పుడు ఎక్కడి నుంచో ఆ జంట వచ్చింది. అవే అని ప్రమాణం చెయ్యలేను, కానీ అవే. ఒకటి డబ్బా మీద వాలి రంధ్రంలోకి తొంగి చూసింది. కెమెరాలు టపటపలాడాయి. రామ్‌ప్రసాద్ సాబ్ కళ్ళలో నీళ్ళు.

లోపల కందిరీగలు. మైనా దెబ్బకి ఎగిరిపోయింది. కందిరీగలు మాత్రం అతిథులందరినీ పలకరించాయి. పెద్దసాబ్ చెవి సమోసా అంత అయింది. ఇంకో రోజైతే నవ్వి నవ్వి చచ్చేదాన్ని. నాకు కనిపించింది ఒకటే, ఆ పిట్ట రోడ్డు పక్క డబ్బాల్లో కూడా ఇల్లు వెతుక్కుంటోందని.

వెళ్ళే ముందు పెద్దసాబ్ చెవి పట్టుకునే చెప్పారు: వాగవతల గుట్ట మీద ముద్ర పడ్డ ఎండు చెట్లు వానల్లోపు అయిపోవాలి. కోత పదో తారీఖున మొదలు. ఆ ముద్రలు కూడా నావే. ఈసారి ఒక్కో చెట్టూ తలెత్తి చూసి వచ్చాను. బొక్కలే బొక్కలు.

జూన్ 7

పర్మినెంటు కాగితం వచ్చిందట, తీసుకో అన్నారు. ఆఫీసుకెళ్ళాను. సంతకం ఒకటి తక్కువగా ఉందని బయట కూర్చోబెట్టారు.

ఆఫీసు వెనక దుంగలు పడి ఉన్నాయి. గడ్డి మొలిచి, చెద పట్టి, మేకలు ఎక్కి ఆడుకుంటున్నాయి. ఇవెందుకు అమ్మలేదని గుమాస్తాని అడిగాను. జప్తు సొమ్ము మేడం, కేసు నడుస్తోంది, తేలేదాకా వీటిని దేవుడు కూడా ముట్టుకోకూడదు అన్నాడు. కేసు ఎప్పటిదంటే, అప్పటికి నేనింకా బడిలో ఉన్నాను. మరి కొన్ని కేసులు నెలలోనే మూసేస్తారు కదా అన్నాను. అవి ముద్దాయి ఎవరో తెలియనివి, దొరకలేదని రాసి మూసేస్తాం, ముద్దాయి పేరుంటే మాత్రం కోర్టు, తారీఖులు, ఇక అంతే అన్నాడు.

కాగితం చేతికొచ్చింది. అమ్మకి ఫోను చెయ్యలేదు.

జూన్ 8

పొద్దున్నే గొడ్డలి తీసుకుని వాగు దాటాను. గుట్ట మీద ఎండు చెట్లన్నిటికీ నేను కొట్టిన ముద్రలు నేనే చెక్కేశాను. నంబర్లతో సహా. చేతులు బొబ్బలెక్కాయి. సర్కారు ముద్ర చెరపడం నేరం, జైలు కూడా పడొచ్చు. ఆ సంగతి మాకు ట్రైనింగులో చెప్పారు. ఎండు కట్టె ఎంత గట్టిగా ఉంటుందో మాత్రం చెప్పలేదు.

లక్కే గట్టు మీద కూర్చుని చూసింది. "నేనేమన్న పట్టాల్నా?" అంది. వద్దన్నాను. ఇందులో ముద్దాయి ఒక్కతే ఉండాలి.

జూన్ 9

అడవి నేరం కనపడితే బీటు గార్డు వెంటనే పీఓఆర్ కొయ్యాలి. అంటే నంబర్లేసి ఉన్న పుస్తకంలో కేసు మొదటి కాగితం రాయడం. ఒకసారి రాశాక చించడానికి వీల్లేదు. నేరం: సర్కారు ముద్రల చెరిపివేత. జప్తు: గుట్ట మీద చెట్లన్నీ, నిలబడి ఉన్నవి ఉన్నట్టుగా. ముద్దాయి గడి కూడా నింపి సాబ్ ముందు పెట్టాను.

సాబ్ సగం చదివి, "ఎవడు వాడు బద్మాష్?" అన్నారు. మిగతా సగం చదివారు. కళ్ళద్దాలు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకుని చదివారు.

"రామతులసి, తండ్రి శ్రీరంగం. ఇది నువ్వు కదా?"

"నేనే సాబ్."

"పాగల్ అయినవా? మొన్ననే కదా నీ నౌకరీ పక్కా చేసిన. నా చేతులతోటి."

"మీ మేలు మర్చిపోను సాబ్."

"సస్పెండ్ చేస్తరు. కొంటా లేదు గింటా లేదు. ముద్దాయివైతే ఆ చెట్ల దరిదాపులకు గూడ పోలేవు, సమఝ్ అయితుందా?"

"పోను సాబ్. నేను పోకపోతేనే వాటికి మంచిది."

ఆయన లేచి తలుపు దగ్గరికి వేశారు. తిరిగొచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. రేంజరుగిరీ అంతా ఎటో పోయింది, ఇంట్లో పెద్దాయనలా బతిమాలారు. "దేఖ్ బేటీ, ఈ పేరు కొట్టేసి 'అజ్ఞాత్' అని రాయి. నేను దస్తఖత్ చేస్త. నెలలో మూసేస్తం, ఎవరికీ తక్లీఫ్ ఉండదు. నీ పేరుంటే ఈ కేసు ఎన్నేండ్లు నడుస్తదో ఎరుకేనా నీకు?"

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"ఎరుకే సాబ్," అన్నాను. "అందుకే రాశాను."